కాయిల్ కాలిందంటే వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: ఎనిమిది నెలల కిందట యాంప్లిఫయరు, రెండు స్పీకర్లు సెట్‌గా కొన్నాం. ఏడాది వారంటీ ఉంది. కుడి స్పీకరులో పాట గరగరమంటోంది. సర్వీస్ సెంటర్ వాళ్లు చూసి ‘సౌండ్ ఎక్కువ పెట్టి కాయిల్ కాల్చేశారు, వారంటీ వర్తించదు’ అన్నారు. మేం అంత సౌండ్ ఎప్పుడూ పెట్టలేదు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. అయితే కాయిల్ (స్పీకరులో శబ్దం పుట్టించే తీగచుట్ట) కాలిందా లేదా అన్నదానికంటే ఎందుకు కాలిందన్నదే మీ కేసుకు ప్రాణం. సౌండ్ మితిమీరినా కాయిల్ కాలుతుంది. యాంప్లిఫయరు లోపల పార్టు చెడి, స్పీకరులోకి డీసీ వోల్టేజీ (బ్యాటరీలోలా ఒకే దిశలో ఉండేది) వచ్చినా కాలుతుంది. రెండోదైతే బాధ్యత మీది కాదు. ఆ యాంప్లిఫయరు కూడా మీ సెట్‌లోదే, వారంటీలో ఉన్నదే.

నోటీసు ఇచ్చే ముందు ఒక మల్టీమీటరు సంపాదించండి. స్క్రూలు మాత్రం విప్పొద్దు. సీలు చెదిరితే లోపం మీ చేతి మీదకు నెట్టేస్తారు.

ముందుగా కుడి స్పీకరు వైర్లు తీసేసి, పాట లేకుండా, వాల్యూమ్ సున్నాలో ఉంచి యాంప్లిఫయరు ఆన్ చేయండి. అర నిమిషం ఆగి కుడివైపు ఎరుపు, నలుపు టెర్మినళ్ల మధ్య డీసీ కొలవండి. కొన్ని పదుల మిల్లీవోల్టులైతే మామూలే. వోల్టుల్లో చూపిస్తే లోపం యాంప్లిఫయరుదే. అప్పుడు బాగున్న ఎడమ స్పీకరును అక్కడ తగిలించకండి, అదీ కాలిపోతుంది. యాంప్లిఫయరు వేడెక్కాక ఇంకోసారి కొలవండి. కొన్ని లోపాలు వేడిలోనే బయటపడతాయి.

డీసీ లేకపోతే, స్విచ్ ఆపి రెండు స్పీకర్ల వైర్లు అటుదిటు మార్చండి. గరగర స్పీకరుతో పాటే వెళ్తే తప్పు స్పీకరులో ఉంది. కుడి టెర్మినల్ దగ్గరే ఉండిపోతే యాంప్లిఫయరులో ఉంది.

తర్వాత వైర్లు తీసిన స్పీకరు టెర్మినళ్ల దగ్గర ఓమ్‌లు (కాయిల్ నిరోధం) చూడండి. 8 ఓమ్‌ల స్పీకరుకు సాధారణంగా 5.5 నుంచి 7 వరకు వస్తుంది. బాగా తగ్గితే కాయిల్ చుట్లు కలిసిపోయి ఉండవచ్చు. అసలేమీ చూపకపోతే ఎక్కడో తెగింది. ఈ కొలత వూఫరుదే (లోతు శబ్దాలిచ్చే పెద్ద స్పీకరు). ట్వీటరు (సన్నని శబ్దాలిచ్చే చిన్న స్పీకరు) ముందు డీసీని ఆపే కెపాసిటరు అడ్డుంటుంది కనుక దాని సంగతి ఇందులో తెలియదు, తక్కువ సౌండ్‌లో చెవి దగ్గర పెట్టి వినాల్సిందే. ఈ తేడా మీకు పనికొస్తుంది. సౌండ్ మితిమీరినప్పుడు తరచుగా ముందు పోయేది ట్వీటరు. డీసీ మాత్రం కెపాసిటరు దాటి ట్వీటరును చేరదు. ట్వీటరు బాగుండి వూఫరు ఒక్కటే కాలిందంటే డీసీని అనుమానించాలి. అది రుజువు కాదు గానీ, గట్టి ప్రశ్న అడగడానికి ఆధారం.

చివరగా వూఫరు కోన్‌ను (ముందు కనిపించే గరాటులాంటి పొర) నాలుగు వేళ్లతో చుట్టూ సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి. బరబర తగిలితే కాయిల్ అయస్కాంతం సందులో రాసుకుంటోంది. ఓమ్‌లు సరిగ్గా ఉండి, మాడు వాసన కూడా లేకపోతే ‘కాలింది’ అన్న మాట నిలవదు. కాయిల్ వంకరగా అతికించి ఉండవచ్చు, రవాణాలో కింద పడి అయస్కాంతం జరిగి ఉండవచ్చు.

మీటరు రీడింగు, సీరియల్ నంబరు ఒకే ఫ్రేములో పడేలా వీడియో తీయండి. ఒరిజినల్ ఫైలు ఫోనులోంచి చెరపొద్దు. భారతీయ సాక్ష్య అధినియం 2023లోని సెక్షన్ 63 ప్రకారం ఇలాంటి వీడియోను, అంటే ఎలక్ట్రానిక్ రికార్డును, సాక్ష్యంగా పెట్టేటప్పుడు దాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి.

సర్వీస్ సెంటర్ నిరాకరణను కారణంతో సహా జాబ్ షీటు (సర్వీస్ సెంటర్ ఇచ్చే రిపేరు కాగితం) మీద రాయించుకోండి. డబ్బు కట్టి కాయిల్ మార్పించుకోవద్దు, సాక్ష్యం పోతుంది. తర్వాత అమ్మినవారికి, కంపెనీకి ఇద్దరికీ 15 రోజుల గడువుతో స్పీడ్‌పోస్టులో నోటీసు ఇవ్వండి.

దిగిరాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. కొన్న ధర 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫీజు లేదు. రిపేరు గానీ, కొత్తది గానీ, డబ్బు వాపసు గానీ, పరిహారంతో కలిపి కోరండి. అవతలివాళ్లు మీ పరీక్షలను ఒప్పుకోకపోతే సెక్షన్ 38(2)(సి) కింద ప్రయోగశాలకు పంపమని కమిషన్‌ను అడగండి. ఆ పరీక్ష ఖర్చు ముందు మీరే కట్టాల్సి రావచ్చు. నివేదికకు చట్టం పెట్టిన గడువు 45 రోజులు, కమిషన్ పొడిగించవచ్చు. ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది. లెక్కలో వివాదం రాకుండా, వాళ్లు నిరాకరించిన తేదీ జాబ్ షీటు మీద ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.