ఆవు కుంటుతోంది, పెయ్యల పళ్లు రంగు మారాయి: కాల్షియం లోపమేనా?

ప్రశ్న: నాలుగేళ్ల క్రితం లోతైన బోరు వేయించి, అప్పటి నుంచి పశువులకు ఆ నీళ్లే పెడుతున్నాను. అదే ఏడాది కడపళ్లు (చివరి జత శాశ్వత పళ్లు) వేసిన ఆవును ఒకదాన్ని కొన్నాను. దాని పళ్లు తెల్లగానే ఉన్నాయి గానీ, ఒకరోజు ముందు కాలు, మరోరోజు వెనక కాలు కుంటుతోంది. కాల్షియం ఇంజెక్షన్లు వేయించినా గుణం నిలవడం లేదు. ఇంట్లో పుట్టి రెండు పళ్లు వేసిన పెయ్యలకు ఆ కొత్త పళ్లు గోధుమ రంగులో, గరుకుగా ఉన్నాయి. ఇది కాల్షియం లోపమేనా? పాలు తాగవచ్చా?

జవాబు: మీ ప్రశ్నలోని అసలు ఆనవాలు పెయ్యల పళ్లలో ఉంది. కాల్షియం గానీ భాస్వరం గానీ లోపించిన పశువు కూడా చిక్కిపోతుంది, కుంటుతుంది, దొరికిన ఎముకనల్లా నములుతుంది. అయితే ఆ లోపం వల్ల పంటి పింగాణీకి గోధుమ మచ్చలు, గుంటలు పడవు. మీరు చెప్పిన లక్షణాలన్నీ కలిపి చూస్తే, నీటి ద్వారా ఏళ్ల తరబడి ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌నే ముందుగా అనుమానించాలి.

పెయ్యల పళ్లు చెడి, ఆవు పళ్లు బాగుండటానికి కారణం ఇది. శాశ్వత దంతాలు బయటికి రాక ముందే, పెయ్య చిన్న వయసులో ఉండగా, దవడ లోపల తయారవుతాయి. ఆ సమయంలో రక్తంలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే పింగాణీని నిర్మించే కణాలు దెబ్బతిని, పన్ను సుద్దలా పెళుసుగా మొలిచి త్వరగా అరిగిపోతుంది. అప్పటికే తయారైన పంటిని అది ఏమీ చేయలేదు. మీ ఆవు కడపళ్లు వేశాక వచ్చింది కనుక దాని పళ్లు తెల్లగా మిగిలాయి. ఎముక మాత్రం జీవితాంతం అరుగుతూ, కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది కనుక, ఒంట్లో నిలిచిపోయే ఫ్లోరైడ్‌లో దాదాపు అంతా అక్కడికే చేరుతుంది. అలా ఫ్లోరైడ్ పేరుకున్న ఎముక ఉబ్బెత్తుగా పెరుగుతుంది గానీ నాణ్యత ఉండదు. శవపరీక్షలో కాలి ఎముకను కోసి చూసినప్పుడు, ఏనుగు దంతంలా నున్నగా ఉండవలసిన పైభాగం సుద్ద పూసినట్లు గరుకుగా కనిపిస్తుంది. మీ ఆవు వెనక కాళ్లకు మోకీలు కింద, లోపలి వైపున చేత్తో నిమిరి చూడండి. రెండు కాళ్లకూ ఒకే చోట గట్టి బుడిపెలు తగిలితే అనుమానం బలపడుతుంది.

ఈ జబ్బు మన ప్రాంతానికి కొత్తది కాదు. 1937లో వైద్య పరిశోధకుడు షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో మనుషుల ఫ్లోరోసిస్‌ను వివరించడానికి కొన్నేళ్ల ముందే, అక్కడి రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయని గమనించారు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో పశు పాథాలజిస్టు జేమ్స్ షూప్ బృందం, దూడ వయసు నుంచి ఏడేళ్లకు పైగా ఆవులకు వేర్వేరు మోతాదుల్లో ఫ్లోరైడ్ తినిపించి, 1963లో ఫలితాలు ప్రచురించింది. మోతాదూ కాలమూ పెరిగేకొద్దీ పళ్లలో, ఎముకల్లో మార్పులు ముదురుతాయని అందులో తేలింది. నాలుగేళ్ల తర్వాత మీ ఆవు కుంటడం ఆ తీరుకు సరిపోతుంది.

ముందుగా బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో పరీక్ష చేయించండి. నమూనాను గాజు సీసాలో కాకుండా శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టండి. మనుషులు తాగే నీటికి లీటరుకు 1 మిల్లీగ్రాము ఆమోదయోగ్యం, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతి ఉంది. పశువులకు 2 దాటకుండా చూసుకోవాలని సాధారణంగా చెబుతారు. అదే బోరు నీటిని మీ ఇంట్లోనూ తాగుతుంటే ఈ ఫలితం మీకూ అవసరమే. మీ పశువైద్యునితో ఆవు మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి, గిట్టలను కూడా చూపించండి. ఖనిజ మిశ్రమం వాడుతుంటే దాన్నీ పరీక్ష చేయించండి: ఫ్లోరైడ్ తొలగించని రాక్ ఫాస్ఫేట్ (భాస్వరం ఉన్న రాతి పొడి) కలిపిన మిశ్రమం వల్ల కూడా ఇదే జబ్బు వస్తుంది.

ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి లాగే మందు లేదు. నీరు మారిస్తే అది నెమ్మదిగా, ఏళ్ల మీద తగ్గుతుంది. అప్పటిదాకా మూత్రంలో కనిపిస్తూనే ఉంటుంది కనుక నీరు మార్చినా ఫలితం లేదని కంగారు పడి కాల్షియం ఇంజెక్షన్లు పెంచకండి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే నల్గొండ పద్ధతి ఇంటి తాగునీటికి సరిపోతుంది గానీ, రోజుకు పదుల లీటర్లు తాగే పశువుల మందకు నడపడం కష్టం. చెరువు, కాలువ, వాన నీరు ఏది దొరికినా అది మేలు. దొరికిన మంచి నీరు తక్కువైతే ముందు దూడలకూ, ఇంకా కడపళ్లు వేయని పెయ్యలకూ కేటాయించండి. ముదురు ఆవుకు బోరు నీటిలో ఆ నీరు కలిపి పెట్టవచ్చు. మొలిచిన పంటి మచ్చలు పోవు గానీ, దవడలో ఇంకా తయారవుతున్న పళ్లను కాపాడుకోవచ్చు.

ఇక పాల సంగతి. తిన్న ఫ్లోరైడ్‌లో పాలలోకి చేరేది చాలా స్వల్పం కనుక పాలు వాడుకోవచ్చు.