చలికాలం ఉదయం బైక్ స్టార్ట్ చేయగానే బయల్దేరొచ్చా, ఇంజన్ వేడెక్కేదాకా ఆగాలా?

ఆగాలి, కానీ అర నిమిషం చాలు. రాత్రంతా నిలబడిన బండిలో ఆయిల్ కిందికి దిగి, చలికి చిక్కబడి ఉంటుంది. అది ఇంజన్ పైభాగంలో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ దాకా చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. దయచేసి ఆ సెకన్లలో మాత్రం రెయిజ్ చేయకండి.

కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపే భాగం) ఉన్న పాత తరహా బండైతే చోక్ (పెట్రోల్ పాలు పెంచే మీట) వేసి స్టార్ట్ చేయండి. చలికి పెట్రోల్ సరిగా ఆవిరి కాదు, అందుకే కాస్త ఎక్కువ కావాలి. ఇంజన్ నిలకడగా ఆడగానే చోక్ ఆఫ్ చేసేయండి. లంబసింగి చలిలో నేనది మర్చిపోయి అలాగే ఘాట్ దిగాను. తర్వాత విప్పి చూస్తే స్పార్క్ ప్లగ్ నిండా పొడి మసి! ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండిలో ఈ చోక్ పని ఈసీయూ, అంటే ఇంజన్‌ను నియంత్రించే చిన్న కంప్యూటర్, చూసుకుంటుంది.

పది నిమిషాలు నిలబెట్టి ఆడించొద్దు. పెట్రోల్ దండగ, పైగా కాలకుండా మిగిలింది సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వండి. టైర్లు కూడా అప్పుడే వేడెక్కుతాయి.