ఆ రాత్రి ఏం ఆన్ చేశాడో అడగండి

ప్రశ్న: మాది చిత్తూరు. మా అబ్బాయి ఈసీఈ డిప్లొమా చేసి, ఏడాదిగా తిరుపతిలో ఒక కంప్యూటర్ సర్వీస్ సెంటర్‌లో పనిచేస్తున్నాడు. జీతం 12 వేలు. లాడ్జీలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, హోల్‌సేల్ షాపుల్లో పాత సిస్టమ్‌లకు నెట్‌వర్క్ పోతే వీడే వెళ్తాడు. మొన్న సీజన్లో రాత్రి పదకొండుకు ఫోనొస్తే బైక్ మీద పోయి కాటా సిస్టమ్ కనెక్షన్ సరిచేసి వచ్చాడు. ఎలా చేశావంటే, "ఏదో ఆన్ చేశానమ్మా, పనిచేసింది" అన్నాడు. మా మరిదేమో, పాత డబ్బాలు పట్టుకుని వేలాడితే బతుకు లేదు, 90 వేలు కట్టి హైదరాబాద్‌లో క్లౌడ్ కోర్సు చేయించండి అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, ముందు ఆ 90 వేలు బ్యాంకులోనే ఉండనివ్వండి. మీ మరిది చెప్పినదాంట్లో సగం నిజముంది, దాని సంగతి తర్వాత చెప్తాను. మీ ఉత్తరంలో నాకు పట్టుకున్నది "ఏదో ఆన్ చేశాను" అన్న మాట.

అతను ఏం ఆన్ చేసి ఉంటాడో ఊహించగలను. ఫ్యాక్టరీ గేటు పక్కన కాటా గదుల్లో పాతకాలపు విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్‌లు ఇంకా కనిపిస్తుంటాయి. ఓనర్లు పిసినారులై కాదు. కాటా నుంచి బరువు సీరియల్ పోర్టు అనే పాతరకం కనెక్షన్ ద్వారా వస్తుంది. దాన్ని చదివే సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేసి ఉంటారు. చీటీ కొట్టేది డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. సిస్టమ్ మార్చాలంటే ఇవన్నీ కదపాలి. తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు పొడవునా నిలబడి ఉన్న జూన్‌లో ఆ పని ఎవరు నెత్తికెత్తుకుంటారు? అందుకని ఆఫీసు గదికి మాత్రం కొత్త సిస్టమ్ కొంటారు. కొన్న రోజు నుంచే దాంట్లో కాటా సిస్టమ్ ఫోల్డర్ తెరుచుకోదు. పింగ్ కొడితే, అంటే అవతలి సిస్టమ్ పలుకుతోందా అని చూస్తే, జవాబు వస్తుంది, కేబుల్ బాగుంటుంది, ఐపీ అడ్రసు సరిగ్గానే ఉంటుంది, ఫోల్డర్ మాత్రం రాదు.

ఎందుకంటే, ఫైళ్లు పంచుకోవడానికి ఎక్స్‌పీకి వచ్చిన భాష ఎస్‌ఎంబీ 1 ఒక్కటే. మైక్రోసాఫ్ట్ 2017 చివర్లో వచ్చిన వెర్షన్‌తో మొదలుపెట్టి విండోస్ 10లో దాన్ని పక్కన పెడుతూ వచ్చింది. కొత్త సిస్టమ్‌లో అది ఆఫ్‌లోనే ఉంటుంది. మీ అబ్బాయి దాన్ని ఆన్ చేసి ఉంటాడు. ఆ వేళప్పుడు, వెనకాల డ్రైవర్లు అరుస్తుంటే, నేనైనా అదే చేస్తాను. కానీ 2017 మేలో వన్నాక్రై వైరస్ దేశదేశాలకూ పాకింది ఎస్‌ఎంబీ 1లోని లోపాన్ని పట్టుకునే. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లకు కూడా తగిలింది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. అంటే ఆ రాత్రి అతను ఒక తలుపు తీసిపెట్టి వచ్చాడు. తెలిసి తీశాడా, యూట్యూబ్‌లో చూసి తీశాడా?

ఇలా అడిగే హక్కు నాకుందా అంటే, ఈ సలహాల పనికి రాకముందు నేనూ కొన్నేళ్లు ఈ వైర్లతోనే బతికాను. ఒక ఆఫీసులో బిల్లింగ్ సిస్టమ్ బాగా స్లో అయింది. పింగ్ బ్రహ్మాండంగా వస్తోంది, చిన్న ఫైలు టక్కున తెరుచుకుంటోంది, పెద్ద ఫైలు కాపీ చేయబోతే నత్తనడక. కేబుల్ మార్చాను. నెట్‌వర్క్ కార్డు మార్చాను. మూడు రోజులు పోయాయి. చివరికి చూస్తే తప్పు నాదే. స్పీడ్ పెరుగుతుందని ఎవరో చెబితే కార్డును 100 ఫుల్ డూప్లెక్స్‌లో, అంటే పంపడం, అందుకోవడం ఒకేసారి జరిగేలా పెట్టాను, మార్చిన కార్డుకూ అదే పెట్టాను. అటు సిస్టమ్‌లన్నింటినీ కలిపే స్విచ్ ఆటోలో, అంటే అవతలివైపుతో మాట్లాడి తనే కుదుర్చుకునే సెట్టింగ్‌లో ఉంది. ఇటు నుంచి బేరం కుదరక అది హాఫ్ డూప్లెక్స్‌లోకి దిగిపోయింది. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు ఆగాలి అన్నది దాని లెక్క, ఇటువైపు కార్డు ఆగకుండా మాట్లాడుతూనే ఉంది. లోడు పెరిగినకొద్దీ ఢీకొట్టుకోవడమే. కార్డును కూడా ఆటోలో పెట్టగానే సరిపోయింది. ఏమేం మార్చానో కాగితం మీద రాసుకుని ఉంటే మొదటి గంటలోనే దొరికేది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కాబట్టి పాత డబ్బాల దగ్గర నేర్చుకునేది తక్కువేమీ కాదు. వేరేచోట ఏదైనా మొరాయిస్తే మార్చిపడేస్తారు. ఇక్కడ మార్చే వీలు లేదు, కారణం వెతకాల్సిందే. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది, కాబట్టి ఇలాంటి సిస్టమ్‌లకు ఇప్పట్లో కొదవ లేదు.

ఇక మీ మరిది మాట. ఇదే షాపులో ఇంకో మూడేళ్లుంటే జీతం పెద్దగా పెరుగుతుందని నాకు నమ్మకం లేదు. పైగా ఒకే రకం పని వందసార్లు చేస్తే అనుభవం వందరెట్లు కాదు. ఇంకో ఏడాది గడువు పెట్టుకోమనండి. ప్రతి కాల్‌కూ నోట్‌బుక్‌లో ఏం కనిపించింది, ఏం మార్చాడు, ఎందుకు పనిచేసింది అని రాయమనండి. "ఎందుకు" దగ్గర ఖాళీ మిగిలితే ఆ రాత్రి చదవాల్సింది అదే. దాంతోపాటు సీసీఎన్ఏ, అంటే సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్, మొదలుపెట్టాలి. ప్రాక్టీసుకు సిస్కో ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. పరీక్ష ఫీజు 300 డాలర్లు, పన్నులు అదనం. ఈ పునాది పడ్డాక క్లౌడ్, అంటే ఇంటర్నెట్ మీద అద్దెకు వాడుకునే కంప్యూటర్ల సంగతి, చదివితే అర్థమవుతుంది. ముందే చదివితే బటన్లు గుర్తుపెట్టుకోవడమే అవుతుంది. "జాబ్ గ్యారంటీ" అని ముందే మొత్తం ఫీజు కట్టించుకునేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు.

ఇంట్లో జరుగుబాటు ఉంటే డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరడం నా దృష్టిలో ఇంకా మంచిది. లేదంటే సీసీఎన్ఏ అయ్యాక శ్రీసిటీ, రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లో ప్రయత్నించమనండి. యంత్రాలను నడిపే కంప్యూటర్లను అంత తొందరగా మార్చరు. పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపి మాట్లాడించిన వాడి మాటకు అక్కడ విలువ ఉంటుంది.

ఈ ఆదివారం ఇంటికొస్తే అన్నం పెట్టి, ఆ రాత్రి ఏం ఆన్ చేశాడో మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. చెప్పగలిగితే, వాళ్ల షాపు ఓనరును వెంటబెట్టుకుని ఆ ఫ్యాక్టరీకి ఇంకోసారి వెళ్లమనండి. కాటా సిస్టమ్‌కు ఇంటర్నెట్ తీసేసి, మిగతా నెట్‌వర్క్ నుంచి విడదీసి, ఆఫీసులో ఒక్క సిస్టమ్‌తో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకుండా కట్టడి చేయాలి. దానికి విడిగా బిల్లు వేయాలి. ఇప్పుడు గేటు దగ్గర ట్రాక్టర్లు లేవు, ఫ్యాక్టరీ ఓనరు కూర్చుని వింటాడు.