నంబర్లు కలవని కోల్ట్ నకిలీదేనా?

మీ పాత కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్‌కి బ్యారెల్ (గొట్టం) ఐదున్నర అంగుళాలే ఉందని, ఫ్రేమ్ (తుపాకీ ప్రధాన చట్రం) మీద, ట్రిగ్గర్ గార్డు మీద సీరియల్ నంబర్లు కలవడం లేదని టెన్షన్ పడుతున్నారు. అప్పుడే నకిలీ అని తేల్చేయకండి. 1873లో అమెరికా సైన్యం ఎంచుకున్న అశ్వికదళ రివాల్వర్‌కి ఏడున్నర అంగుళాల బ్యారెల్ ఉండేది. 1890ల మధ్య నుంచి పాతవాటిని వెనక్కి తెప్పించి, విడదీసి, బ్యారెల్‌ని ఐదున్నర అంగుళాలకి కోసి, చేతికందిన భాగాలతో మళ్లీ బిగించారు. సేకరించేవాళ్లు వీటినే ఆర్టిలరీ మోడల్ అంటారు. ఏడున్నర అంగుళాలదానికి నంబర్లు కలవకపోతేనే నాకు అనుమానం.

ఫ్రేమ్ ఎడమవైపు ‘యు.ఎస్.’ ముద్రను భూతద్దంతో చూడండి. చుట్టూ లోహం అరిగిపోయి, అక్షరాల అంచులు మాత్రం పదునుగా ఉంటే ఆ ముద్ర తర్వాత కొట్టిందే కావచ్చు. ఫ్రేమ్ నంబరుతో కోల్ట్ ఆర్కైవ్స్ (కంపెనీ పాత రికార్డుల విభాగం) నుంచి ఫ్యాక్టరీ లెటర్, అంటే ఆ నంబరు తుపాకీ గురించి రికార్డుల్లో ఏముందో చెప్పే పత్రం, తెప్పించుకోండి. దయచేసి పాలిష్ మాత్రం పెట్టించకండి.