ఆ గేమ్ ఆడనివాళ్ళకి ‘ఆనర్ అమాంగ్ థీవ్స్’ ఎక్కుతుందా?

‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే గేమ్ ఆధారంగా 2023లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్: ఆనర్ అమాంగ్ థీవ్స్’ చూడొచ్చా, ఆ గేమ్ ఎప్పుడూ ఆడనివాళ్ళకి అర్థమవుతుందా, ఆడేవాళ్ళు దాని గురించి ఏమనుకుంటున్నారు అని అడిగారు. చూడొచ్చు. అర్థమవుతుంది. ఆడేవాళ్ళందరి సంగతి చెప్పలేను గానీ నాకు మాత్రం బాగా నచ్చింది. నెల్లూరులో మా మిద్దె మీద ఆదివారం సాయంత్రాలు కొందరం ఈ ఆట ఆడతాం, కథ నడిపేది నేను. కాబట్టి అటు నుంచి చూసి చెప్తున్నా.

ముందు ఆట సంగతి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో దీన్ని తెచ్చారు. క్యారమ్స్‌కో చదరంగానికో ఉన్నట్టు బోర్డు ఉండి తీరాలని లేదు. ఒకరు డంజన్ మాస్టర్. ఊరు, కోట, రాక్షసులు, కాపలావాళ్ళు అన్నీ ఆ మనిషి చెప్పాలి. మిగతావాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో పాత్ర: కత్తి తిప్పేవాడు, మంత్రగత్తె, దొంగ, పాటగాడు. "ఇప్పుడు మీరేం చేస్తారు?" అని మాస్టర్ అడుగుతాడు. "గోడ ఎక్కుతా" అని ఒకరంటారు. ఎక్కగలరా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెప్తుంది. కనీసం పదిహేను రావాలి అనుకుంటే, పడిన అంకెకి ఆ పాత్ర బలాన్నో చురుకునో కలిపి చూస్తాం. వస్తే ఎక్కినట్టు, లేకపోతే జారినట్టు. ఆన్‌లైన్‌లో పాచికలు తెప్పించుకునేదాకా మేం హౌసీ బిళ్ళల్లో ఒకటి నుంచి ఇరవై దాకా ఏరి స్టీలు గ్లాసులో వేసి తీసేవాళ్ళం. చెయ్యి పెట్టి బిళ్ళ బయటికి తీసేలోపు అందరికీ టెన్షన్. మాలో ఒకరిద్దరికి ఇప్పటికీ పాచిక కన్నా ఆ గ్లాసే ఇష్టం.

ఇక సినిమా నాకెందుకు నచ్చిందో చెప్పాలంటే మా ఆటలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. మా కథ ఉదయగిరి కోటలో నడుస్తుంది. కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర్నుంచి 1514లో గెలుచుకున్న కోటే, కాకపోతే మా కథలో లోపల ఒక మాంత్రికుడు తిష్ట వేసుకుని ఉంటాడు. కోటలోకి దూరాలి. ట్రంక్ రోడ్డులో సెల్ ఫోన్ల షాపు నడిపే మా ఫ్రెండు గంటసేపు ప్లాన్ వేశాడు. గడ్డి బండిలో దాక్కోవాలి, తను బండివాడి వేషం వేయాలి, కాపలావాళ్ళని మాటల్లో పెట్టి లోపలికి తోలుకుపోవాలి. పాచిక వేశాడు. రెండు పడింది. నేను డంజన్ మాస్టర్‌ని, ఏదో ఒకటి చెప్పాలి. "కోట గుమ్మం ముందుకు రాగానే ఎద్దు పడుకుంది, లేవడం లేదు" అన్నా. కాపలావాళ్ళు చుట్టూ మూగారు, గడ్డి కింద మనుషులున్నారు. అందరూ మొహాలు చూసుకుంటున్నారు. ఆటకొచ్చిన రోజు నుంచి నోరు విప్పని మా మేనల్లుడు, ఇంటర్ చదివే పిల్లాడు, అప్పుడన్నాడు: "మామా, నేను పశువుల వైద్యుణ్ణని చెప్తా. ఈ ఎద్దుకి అంటురోగం ఉంది, లోపలున్న ఎద్దుల్ని కూడా చూడాలంటా." పాచిక వేస్తే పద్దెనిమిది. కాపలావాళ్ళే వాణ్ణి వెంటబెట్టుకుని కోటలోకి తీసుకుపోయారు. మొదటి ప్లాన్ పారి ఉంటే బండి లోపలికి పోయేది, అంతే. ఆ ఎద్దు పడుకోబట్టే మాకు అంత మంచి కథ దొరికింది. ఆ రోజు తర్వాత ఆ పిల్లాడు ఆటలో ఆగకుండా మాట్లాడుతున్నాడు.

ప్లాన్ పాడైతేనే మంచి కథ దొరుకుతుందన్న సంగతి సినిమా తీసినవాళ్ళకి బాగా తెలుసు. దర్శకులిద్దరు, జోనథన్ గోల్డ్‌స్టీన్, జాన్ ఫ్రాన్సిస్ డేలీ. ఈ డేలీ కుర్రాడిగా నటించిన ఒక టీవీ సీరియల్ చివరి ఎపిసోడ్‌లో ఆయన పాత్ర ఈ ఆటే ఆడుతుంది. కథ చాలా మామూలుది. ఎడ్గిన్ (క్రిస్ పైన్) అనే పాటగాడు, హోల్గా (మిషెల్ రోడ్రిగెజ్) అనే యోధురాలు జైల్లో ఉంటారు. పాత స్నేహితుడు ఫోర్జ్ (హ్యూ గ్రాంట్) మోసం చేసి ఊరికి ప్రభువైపోయాడు, ఎడ్గిన్ కూతుర్ని తన దగ్గర పెట్టుకున్నాడు. కూతుర్ని తెచ్చుకోవాలి, ఖజానా కొట్టాలి. దానికి ధైర్యం చాలని ఒక మాంత్రికుణ్ణి, ఏ జంతువుగానైనా మారగల డోరిక్ అనే అమ్మాయిని కలుపుకుంటారు. అక్కడి నుంచి వీళ్ళు వేసిన ప్లానల్లా పాడవుతూనే ఉంటుంది.

అన్నిట్లోకీ నాకు నచ్చింది పెయింటింగ్ సీను. వీళ్ళ దగ్గర ఒక మంత్రపు కర్ర ఉంది. దాంతో ఇక్కడొక ద్వారం, అక్కడొక ద్వారం తెరవొచ్చు. ఒక పెద్ద పెయింటింగ్ మీద ద్వారం పెట్టి, ఆ పెయింటింగ్‌ని కానుకలతో పాటు ఖజానాకి పంపిస్తారు. అది అక్కడికి చేరగానే ఇక్కడి నుంచి లోపలికి నడిచి వెళ్ళిపోవచ్చు. చాలా తెలివైన ప్లాన్. తీరా తెరిచి చూస్తే ఎదురుగా రాయి. పెయింటింగ్ ఖజానాలో బోర్లా పడిపోయింది! ఆ సీను చూడగానే మా ఎద్దు గుర్తొచ్చింది నాకు. సాధారణంగా సినిమాల్లో హీరో ప్లాన్ పారుతుంది, లేదా విలన్ ముందే కనిపెట్టి చెడగొడతాడు. ఇక్కడ ఎవరూ చెడగొట్టలేదు, అలా పడిపోయిందంతే. పాచికలో ఒకటి పడితే అచ్చం ఇట్లాగే జరుగుతుంది. సినిమాలో ఎక్కడా పాచిక చూపించరు, అయినా ఏ సీనులో ఎంత పడి ఉంటుందో ఆడేవాళ్ళు చెప్పేయగలరు.

శ్మశానం సీను కూడా అంతే. చచ్చినవాణ్ణి లేపి అయిదు ప్రశ్నలు అడగొచ్చు, అయిదూ అయిపోతే మళ్ళీ శవమే. వీళ్ళు తమలో తాము మాట్లాడుకుంటూ ప్రశ్నలు వృథా చేసుకుంటూ ఒక్కో సమాధీ తవ్వుకుంటూ పోతారు. ఆట ఆడినవాళ్ళు ఆ సీనులో తమని తాము చూసుకుంటారు, ఆడనివాళ్ళు హాయిగా నవ్వుకుంటారు. ఇలా ఒకే సీనుని ఇద్దరికీ నచ్చేట్టు తీయడం తేలిక కాదు.

ఆడేవాళ్ళలో ఒక అభ్యంతరం ఉంది, అదీ చెప్పాలి. డోరిక్ గుడ్లగూబ తల, ఎలుగుబంటి ఒళ్ళు ఉన్న ఆవుల్‌బేర్‌గా మారుతుంది. రూల్స్ ప్రకారం అలా మారే శక్తి మామూలు జంతువుల వరకే, ఆవుల్‌బేర్ ఆ లెక్కలోకి రాదు. అలాగే కోటలో ఈగగా దూరి, ఎలుకగా, గద్దగా, పిల్లిగా, జింకగా వరసబెట్టి మారుతూ పారిపోతుంది. కట్ లేకుండా ఒకే షాట్‌లా కనిపించేట్టు తీశారు దాన్ని. ఆట రూల్స్‌లో మామూలుగా అన్నిసార్లు మారడానికి లేదు. ఎడ్గిన్ పాటగాడే గానీ సినిమా మొత్తంలో ఒక్క మంత్రమూ వేయడు, దాని మీదా చర్చ ఉంది. నేను వీటిని తప్పు పట్టను. మా మిద్దె మీద ఎవరైనా అంత మంచి ఐడియా చెప్తే నేనూ ఒప్పుకుంటాను. పైగా ఎడ్గిన్ మంత్రం లేకుండా నోటితో, ప్లాన్లతో నెట్టుకురావడమే ఆ పాత్రకి అందం.

జెంక్ అనే ధర్మవీరుడి పాత్రని (రెజే-జాన్ పేజ్) ఎంత బాగా వాడుకున్నారో చూడండి. అతనికి అన్నీ వచ్చు, అబద్ధం ఆడడు, ఎవరినైనా ఓడిస్తాడు. కథ నడిపేవాళ్ళకి ఇలాంటి పాత్రని తెచ్చి అన్ని పనులూ దాంతోనే చేయించాలనిపిస్తుంది, అప్పుడు ఆడేవాళ్ళు ఊరికే కూర్చోవాల్సి వస్తుంది. సినిమాలో జెంక్, ఖజానా తెరవడానికి వీళ్ళకి కావాల్సిన, భూగర్భంలో దాచిన మంత్రపు శిరస్త్రాణం దగ్గరికి దారి చూపించి, కొట్టాల్సినవాళ్ళని కొట్టి, నిటారుగా నడుచుకుంటూ వెళ్ళిపోతాడు. మిగతా పోరాటం మన నలుగురిదే. కొత్తగా కథ నడిపేవాళ్ళకి ఇది చూపించి చెప్పొచ్చు.

ఆట తెలియనివాళ్ళ మాటకొస్తే, మా అమ్మతో కలిసి చూశాను. ఆమెకి పాచికా తెలియదు, డ్రాగనూ తెలియదు. పక్షి తలకాయతో ఉన్న జార్నథన్ అనే పాత్రని చూసి "ఏందిరా ఇది" అన్నా, కాసేపటికి అలవాటు పడింది. (అది కంప్యూటర్‌లో గీసింది కాదు, నటుడికి తొడిగిన యంత్రపు తల. అందుకే అంత నిజంగా అనిపిస్తుంది.) ఆమె మనసంతా హోల్గా మీద, ఎడ్గిన్ కూతురు కిరా మీదే. తల్లి పోయిన పసిబిడ్డని, ఏ చుట్టరికమూ లేని హోల్గా వచ్చి పెంచింది. ఎడ్గిన్ మాత్రం చనిపోయిన భార్యని బతికించే ఫలకం కోసం సినిమా అంతా తిరుగుతుంటాడు. "పెంచిన తల్లి ఎదురుగానే ఉందిగా, ఈయన దేనికి తిరగతన్నాడు?" అంది అమ్మ, సగం సినిమా కూడా కాకముందే. క్లైమాక్స్ తెలియకూడదనుకుంటే ఈ పేరాలో మిగతాది వదిలేయండి. చివర్లో హోల్గా చనిపోతుంది. ఫలకం ఒక్కసారే పనిచేస్తుంది. తండ్రీ కూతుళ్ళు దాన్ని హోల్గాకే వాడతారు. కత్తులూ మంత్రాలూ అన్నీ అయ్యాక కథ వచ్చి ఇక్కడ నిలబడింది, అందుకే నేను ఈ సినిమాని అందరికీ చూడమని చెప్తాను.

పాత చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘భల్లూక మాంత్రికుడు’ లాంటి సీరియళ్ళు చదివి పెరిగినవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. మాంత్రికుడు, కొండ, భూగర్భం, వింతజంతువు, నలుగురు సాహసికులు: ఇవేవీ వాళ్ళకి కొత్త కాదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఫోర్జ్ వెనకున్న అసలు విలన్, ఎర్ర మాంత్రికురాలు సోఫినా చూడ్డానికి భయంకరంగా ఉంటుంది గానీ ఆమె ఎవరు, ఎందుకలా అయింది అన్నది పెద్దగా పట్టించుకోలేదు. మొదటి ఇరవై నిమిషాల్లో ఊళ్ళ పేర్లు, తెగల పేర్లు గుక్క తిప్పుకోనివ్వవు. అవన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఎడ్గిన్‌కి కూతురు కావాలి అన్నది గుర్తుంటే చాలు. కిరాకి తండ్రి మీద ఉన్న కోపం మరీ తొందరగా తీరిపోయింది. నిడివి 134 నిమిషాలు, ఆ మాత్రం చోటు దొరికేది. మాటలు వేగంగా ఉంటాయి, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. చిన్నపిల్లలైతే శవాల సీన్ల దగ్గర పక్కన ఉండండి.

ఇంత బాగుంటే ఎక్కువమంది ఎందుకు చూడలేదని అడగొచ్చు. సుమారు 15 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచమంతటా వచ్చింది 21 కోట్ల లోపే. థియేటర్లవాళ్ళ వాటా, ప్రచారం ఖర్చు తీసేస్తే అది నష్టమే. అమెరికాలో మార్చి 31న వచ్చింది. వారం ముందు ‘జాన్ విక్’ నాలుగో భాగం, అయిదు రోజుల తర్వాత ‘సూపర్ మారియో’, మధ్యలో ఇది నలిగిపోయింది. మన దగ్గర అదే వారం నాని ‘దసరా’ వచ్చింది, ఊరంతా దాని మీదే ఉంది. పైగా ఇదే ఆట పేరుతో 2000లో వచ్చిన సినిమా ఆడలేదు, ఆ చెడ్డపేరు కూడా దీని మీద పడి ఉంటుందని నా అనుమానం.

చూశాక ఆడాలనిపిస్తే పుస్తకాలన్నీ కొనేయకండి. అయిదో ఎడిషన్ మూల నియమాలని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద పెట్టారు, ఉచితంగా దించుకోవచ్చు. అవీ మొదట్లో మొత్తం చదవక్కర్లేదు. నలుగురు మనుషులు, ఒక సాయంత్రం, ఇరవై బిళ్ళలు ఉంటే మొదలుపెట్టొచ్చు. కథ తెలుగులోనే నడపండి, మీకు తెలిసిన ఊళ్ళోనే పెట్టండి. పెన్న ఒడ్డున పెట్టినా, కొండవీడులో పెట్టినా ఆట ఆటే. మొదటి రోజే పెద్ద డ్రాగన్ని తేవద్దు, ఒక కోట గుమ్మం, ఇద్దరు కాపలావాళ్ళు చాలు. ఎవరికైనా పాచికలో తక్కువ పడితే "కుదరలేదు" అని అక్కడితో ఆపేయకుండా, దానివల్ల ఏం జరిగిందో చెప్పండి, తర్వాతి మాట ఆడేవాళ్ళకి వదిలేయండి. ఒంగోలు, కావలి, కందుకూరు వైపు ఎవరైనా మొదలుపెట్టి ఎక్కడైనా ఆగిపోతే కామెంట్లో అడగండి, తెలిసినంత చెప్తాను.