చలికాలపు ఎండ గురించి పాపకు

అనంతపురం

పాపా,

నీ బుగ్గలు పొట్టు లేస్తున్నాయని, చెంపల మీద నల్లగా మచ్చ కడుతోందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సన్‌స్క్రీన్ వేసవికి చాలు, ఈ చలిలో దండగ అని నిన్ను ఆపిందట కూడా. ఈ ఒక్క విషయంలో అమ్మ మాట పక్కన పెట్టు. ఏఎన్ఎంగా ఊళ్లు తిరిగినంత కాలం చూసిన సంగతి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

మనకు ఎండ అంటే సెగ. సెగ తగలకపోతే ఎండ లేదనుకుంటాం. చర్మాన్ని కమిలించేవి, మచ్చలు తెచ్చేవి అతినీలలోహిత (యూవీ) కిరణాలు. వాటికి వేడితో పనిలేదు. గాలి చల్లగా ఉన్నా, పల్చగా మబ్బు పట్టినా వస్తూనే ఉంటాయి. మన దగ్గర డిసెంబర్‌లో కూడా మిట్టమధ్యాహ్నం సూర్యుడు బాగా పైకే వస్తాడు. చేలో నిలబడి నీ నీడ చూసుకో. అది నీకంటే పొట్టిగా ఉందంటే ఆ కిరణాలు గట్టిగా ఉన్నట్టే. ఈ నెలలో సుమారు పదకొండు నుంచి రెండు దాకా నీడ అలాగే ఉంటుంది. పంట నమోదు కోసం ఉరవకొండ వైపు శనగ చేలల్లో నువ్వు తిరిగేది సరిగ్గా ఆ వేళే. వేసవిలో అయితే పది గంటలకే చెట్టు కిందికి పరుగెత్తుతాం. చలికాలంలో ఎండ హాయిగా ఉందని అందులోనే నిలబడి మాట్లాడుకుంటాం.

కంది కోతకు వచ్చే ఆడవాళ్ల చేతులు ఒకసారి గమనించు. జాకెట్టు చేతి అంచు దగ్గర గీత గీసినట్టు రెండు రంగులు కనిపిస్తాయి. గీతకు పైన చర్మం నున్నగా ఉంటుంది, కింద గరుకుగా, సన్నటి ముడతలతో ఉంటుంది. ఒకే మనిషి, ఒకే వయసు. ఆ తేడా చేసింది ఎండే. తెల్లబడడం కోసం రాసుకోమని నేను చెప్పడం లేదు. మన రంగు మనకు కొంత కాపుదల కూడా. కానీ చెంపల మీద మంగు మొదలైతే దాన్ని తగ్గించడం చాలా కష్టం, ఎండ దాన్ని పెంచుతూనే ఉంటుంది. నా భయమంతా అదే.

ముందు పొడిదనం సంగతి చూడు. ఈ పొడి గాలికి చర్మంలో తేమ నిలవదు. దానికి తోడు మీ ఇంట్లో పొగలు కక్కే నీళ్లతో స్నానం. ఆ వేడికి ఒంట్లో ఉన్న కాస్త జిడ్డూ పోతుంది. గోరువెచ్చని నీళ్లు చాలు, సబ్బు అవసరమైన చోటే. సున్నిపిండితో గట్టిగా రుద్దడం ఈ రెండు నెలలూ మానెయ్. తుడుచుకుని, ఒళ్లు ఇంకా కాస్త తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయాలి. పూర్తిగా ఆరిపోయాక రాస్తే సగం లాభమే. కొబ్బరినూనె, వాజలిన్ రాత్రికి మంచివి, మడమల పగుళ్లకైతే మరీ మంచివి. అయితే నూనె రాసుకున్నాం కదా, ఎండ ఆగుతుందని అనుకోకు. ఆగదు.

మాయిశ్చరైజర్ ఇంకిన తర్వాత సన్‌స్క్రీన్, బయటికి వెళ్లడానికి ఇరవై నిమిషాల ముందు. ఎస్‌పీఎఫ్ అంటే ఎండ నుంచి ఎంత కాపుదలో చెప్పే అంకె. ఎస్‌పీఎఫ్ 30 సరిగ్గా రాస్తే చర్మాన్ని మండించే కిరణాల్లో 97 శాతం దాకా ఆగుతాయి. 50 అయితే 98. కాబట్టి అంకె కోసం డబ్బు పోయకు. ట్యూబు మీద బ్రాడ్ స్పెక్ట్రమ్ అని గానీ, పీఏ అనే గుర్తు పక్కన మూడు ప్లస్‌లు గానీ ఉన్నాయా చూడు. అవి యూవీ-ఏ నుంచి కూడా కాపుదల ఉందని చెప్తాయి. ఎస్‌పీఎఫ్ అంకె చెప్పేది ముఖ్యంగా చర్మాన్ని మండించే యూవీ-బీ గురించే. చర్మాన్ని ముదరబెట్టే యూవీ-ఏ ఏడాది పొడవునా ఉంటుంది, ఆఫీసు కిటికీ అద్దంలోంచి కూడా వస్తుంది. మచ్చలు మొదలైన నీలాంటి వాళ్లకు ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ ఇంకా మేలు, ఎందుకంటే మామూలు వెలుతురు కూడా మంగును పెంచుతుంది.

అందరూ తప్పేది కొలత దగ్గరే. శనగ గింజంత తీసుకుని ముఖమంతా పులిమేస్తారు. చూపుడు వేలు, మధ్య వేలు రెండింటి పొడవునా గీతలా పెట్టుకుంటే ఎంతో, ముఖానికీ మెడకూ అంత కావాలి. చెవులు, మెడ వెనక మర్చిపోకు. రోజుకు రెండుసార్లు ఇలా రాస్తే 50 గ్రాముల ట్యూబు నెల కూడా రాదు. ఆరు నెలలు వస్తోందంటే రాయాల్సినంత రాయడం లేదన్నమాట. చెమట పట్టినా, ముఖం కడిగినా మళ్లీ రాయాలి, లేదంటే రెండు గంటలకోసారి. చేలో కుదరదంటావా, పన్నెండుకు అన్నం తినే ముందు చేతులు కడుక్కుంటావు కదా, అప్పుడే దుమ్ము తుడుచుకుని రాసుకో. ట్యూబు మాత్రం స్కూటీ డిక్కీలో వదలకు, వేడికి పాడవుతుంది.

ఖర్చు ఎక్కువనిపిస్తే గుడ్డను నమ్ముకో. నిండు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, మెడ చుట్టూ చున్నీ ఉంటే క్రీము ముఖానికే సరిపెట్టుకోవచ్చు. బట్టను వెలుతురుకు ఎత్తి పట్టి చూడు, అవతల స్పష్టంగా కనిపిస్తే ఎండ కూడా దూరుతుంది.

డి విటమిన్ తగ్గుతుందేమోనని అమ్మకు టెన్షన్ కదా. అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించుకుని, డాక్టర్ చెప్తే మాత్ర వేసుకో. దానికోసం ముఖాన్ని ఎండబెట్టక్కర్లేదు.

ఇక గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. మచ్చలు పోతాయని మందుల షాపులో అడిగి ఏ క్రీమూ తెచ్చుకోకు. అలా ఇచ్చే వాటిలో చాలావరకు స్టెరాయిడ్ ఉంటుంది. వారంలో ముఖం మెరుస్తుంది, అందరూ మెచ్చుకుంటారు. నెలలు గడిచేకొద్దీ చర్మం పల్చబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు, నూగు వెంట్రుకలు వస్తాయి. ఆపితే మంట, అందుకని మళ్లీ రాస్తారు. పెళ్లి కుదిరిన ఆడపిల్లలు ఇందులో చిక్కుకోవడం చూసి ఎంత బాధపడ్డానో. డాక్టర్ చీటీ లేకుండా ఇలాంటి క్రీములు అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది, అయినా దొరుకుతూనే ఉన్నాయి. ట్యూబు వెనక బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ అని కనిపిస్తే పక్కన పెట్టు. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్లడం కూడా వద్దు, బొబ్బలెక్కి నల్లటి మరకలు మిగులుతాయి.

కనురెప్పలు, మెడ దురదపెట్టి, ఎండలోకి వెళ్తే మరీ ఎక్కువైతే అది పొడిదనం కాకపోవచ్చు. గట్ల మీద వయ్యారిభామ ఉంది కదా, దాని దుమ్ము పడని వాళ్లకు అలాగే అవుతుంది. అప్పుడు క్రీములు మార్చుకుంటూ కూర్చోకుండా మన సర్వజన ఆస్పత్రి చర్మవ్యాధుల ఓపీకి రా, నేనూ తోడు వస్తాను.

ఆదివారం వచ్చేటప్పుడు ఇప్పుడు వాడుతున్న ట్యూబులన్నీ పట్టుకురా, వెనక ఏం రాసుందో కలిసి చూద్దాం. మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

పెద్దమ్మ