ముందు వంత చూసుకో అల్లుడూ

అల్లుడూ,

నీ ఉత్తరం అందింది. హనుమకొండలో ఐదుగురు దోస్తులు కలిసి జానపద బృందం పెడుతున్నారని చదివి, మీ అత్తకు కూడా వినిపించాను. కీబోర్డు ముందు కొనాలా, సౌండ్ బాక్సులు ముందు కొనాలా అని అడిగావు. రెండూ ఇప్పుడే వద్దు. ముందు వంత పాడేవాళ్ళను చూసుకో.

ముప్పై ఏళ్ళు డోలు కొట్టినవాడిగా చెప్తున్నాను. డోలు దరువుతో మల్లన్న, బీరప్పల కథలు పాడి చెప్పే ఒగ్గుకథలో కథ నడిపేది ఒక్కరే అయినా, పక్కనున్నవాళ్ళు మాట అందుకోకపోతే ఆ గొంతు గంటకే అలసిపోతుంది. మన జనగామ వైపు చుక్క సత్తయ్య గారు ఒగ్గుకథకు సంగీత నాటక అకాడమీ అవార్డు తెచ్చారు. అంతటి కథకుడైనా వంత లేకుండా కథ చెప్పలేడు. మీ ఐదుగురికీ ముందు నిలబడి పాడాలనే ఉంటుంది, ఆ వయసు అలాంటిది. అందుకే ప్రతి పాటకూ ముందు పాడేవాళ్ళు మారుతుండాలి. ఈ పాటకు ముందున్నవాళ్ళు వచ్చే పాటకు వెనక నిలబడాలి.

ఆడపిల్లలు లేకుండా బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు పెట్టుకోకు. వాళ్ళు వచ్చాక శ్రుతి వాళ్ళ గొంతుకే పెట్టు. మగవాళ్ళకు వీలుగా పెట్టి, ఆడవాళ్ళను అందుకోమంటే వాళ్ళ గొంతు పైకి లేవక పాట చచ్చిపోతుంది. మా బృందంలో ఈ తప్పు చాలా ఏళ్ళు చేశాం.

తోలు డప్పులు తప్పకుండా ఉండాలి. వానాకాలం తోలు మెత్తబడుతుంది, స్టేజి ఎక్కే ముందు గడ్డి మంట మీద కాచుకోవాలి. ఫంక్షన్ హాళ్ళలో మంట పెట్టనివ్వరు కాబట్టి ఒక జత ఫైబర్ డప్పులు కూడా ఉంచుకోండి.

ఇక పాటలు. యూట్యూబ్‌లో విన్నవే మళ్ళీ పాడితే మిమ్మల్ని ఎవరు పిలుస్తారు? ఊళ్ళకు పోండి. పోగానే ముసలమ్మ ముందు ఫోన్ పెడితే ఆమె పాడదు. కాసేపు కూర్చోండి, మీరే ఒక పాట ఎత్తుకోండి, తప్పు పాడినా సరే. "అట్ల కాదు బిడ్డా" అని ఆమే అందుకుంటుంది. అప్పుడు అడిగి రికార్డు చేసుకోండి. పాడినామె పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో అదే రోజు రాసిపెట్టండి.

ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మా ఊరి పెద్దమ్మ పాడిన పాట ఒకటి క్యాసెట్‌లో వేరేవాళ్ళ పేరుతో వచ్చింది. ఒక పెళ్ళిలో మైకులో అది విని, ఆమె చేతిలో పని ఆపి నా వైపు చూసింది. ఆ పాట వాళ్ళకు వినిపించింది నేనే. ఆమె పేరు చెప్పాలని అప్పుడు నాకు తోచలేదు. నువ్వు మాత్రం వీడియో పెడితే పాట ఇచ్చినవాళ్ళ పేరు మొదట వెయ్యి, డబ్బులొస్తే వాళ్ళ వాటా ఇంటికి పోయి ఇచ్చి రా.

డబ్బు లెక్క అందరి ముందే చెయ్యండి. అడ్వాన్సు ఎంత తీసుకున్నారో తెలియకనే మా బృందం విడిపోయింది. సొసైటీగా రిజిస్టర్ చేయడానికి కనీసం 7 మంది కావాలి. తొందరేం లేదు, ఏడాది కలిసి పాడాక చేసుకోవచ్చు.

మొదటి ప్రోగ్రామ్‌లు మీ వాడకట్టులోనే చెయ్యండి. తర్వాత సంక్రాంతికి ఐలోని (ఐనవోలు) మల్లన్న జాతరకు పోండి. అక్కడ డోలు చప్పుడుకు పెరిగిన జనం ఉంటారు, దరువు తప్పితే వాళ్ళ ముఖంలోనే తెలిసిపోతుంది. చేయి కుదిరాక ఆకాశవాణి వరంగల్ కేంద్రంలో ఆడిషన్ ఎప్పుడుందో కనుక్కోండి. తెలుగు విశ్వవిద్యాలయం వాళ్ళ జానపద గిరిజన విజ్ఞాన పీఠం మన వరంగల్‌లోనే ఉంది, ఒకసారి అందరూ కలిసి పోయి రండి. చిందు యక్షగానం ఆడే గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆయనా జనగామ జిల్లావారే. వాళ్ళ ఆట ఎక్కడ ఉన్నా పోయి ముందు వరుసలో కూర్చోండి.

కొత్త పాటలకు ఏ ఊరు పోవాలని అడిగావు కదా. మీ అమ్మకు నాట్ల పాటలు పదిహేనుకు పైగా వచ్చు. పొలంలో అక్క పాడుతుంటే గట్టు మీద నుంచి నేను వంత అందుకునేవాణ్ణి. ఈ ఆదివారం ఆమె దగ్గర కూర్చో.

మీ మామ